మాత్ర వేసుకున్నాక వచ్చేది హైజా, ఇస్తిహాజా?



మా ఇళ్లలో ఆడవాళ్లు నెలసరిని పేరు పెట్టి పిలవరు. "నమాజు లేదు" అంటారు. ఆ రెండు మాటలతో ఇంట్లో అందరికీ సంగతి తెలిసిపోతుంది. ముసల్లా ఎందుకు పరవలేదని ఎవరూ అడగరు. మా పక్కింటి స్నేహితురాలు "బయటున్నాను" అనేది. కాలేజీలో "డేట్ వచ్చింది" అనేవాళ్లం. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, ఆ తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను కాబట్టి రెండు వైపుల మాటలూ నా చెవిన పడ్డాయి. తెలుగులో ముట్టు, మైల, బహిష్టు, నెలసరి, ఋతుస్రావం అని చాలా మాటలున్నాయి. ఉర్దూ మసాయిల్ కితాబుల్లో ఉన్నవి మూడే: హైజ్, నిఫాస్, ఇస్తిహాజా. ఈ తేడా గురించి నేను చాలాకాలం ఆలోచించాను. తెలుగు మాటలన్నీ ఒకే రక్తానికి పేర్లు. ఉర్దూ మాటలు మూడూ మూడు వేర్వేరు రక్తాలకి పేర్లు. నెలనెలా వచ్చేది హైజ్. కాన్పు తర్వాత వచ్చేది నిఫాస్. ఈ రెండూ కాకుండా వచ్చేది ఇస్తిహాజా.

ఆ మూడో మాట నాకు అక్కరకొచ్చింది 2009లో, నాకు 28 ఏళ్లప్పుడు. గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టిన రెండో నెలలో.

ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందంటే హయా ఒక కారణం, మా పిల్లల అబ్బా ఏమనుకుంటారో అన్నది ఇంకో కారణం. ఆయన చదివి "రాయి, మర్దులు కూడా చదవాలి" అన్నారు. కాబట్టి భాయీ, మీరూ చదవండి. మధ్యలో లేచి వెళ్లొద్దు.

మాకు అప్పటికి ఇద్దరు పిల్లలు. చిన్నదానికి ఏడాది నిండింది, పాలు మానేసింది. మా అత్తమ్మకు ఆపరేషన్ ఇష్టం లేదు, గునాహ్ అని. మా అమ్మీకి ఆపరేషనే కావాలి, మూడోది వస్తే నా ఉద్యోగం పోతుందని. నాకేమో కడుపు కోయించుకోవాలని లేదు, మూడేళ్ల తర్వాత ఇంకొకరు కావాలనిపిస్తే అనే ఆలోచనా ఉంది. రాజమండ్రిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే బీపీ చూసి, మైగ్రేన్ ఉందా, కాళ్లలో రక్తం గడ్డలు ఎప్పుడైనా కట్టాయా అని అడిగి, మాలా-డి రాసిచ్చింది. రోజుకొకటి, మర్చిపోవద్దు, అంతే. ఆవిడ తప్పు పట్టడం లేదు. వరండాలో ఇంకా 40 మంది కూర్చుని ఉన్నారు. అయితే ఒక్క ముక్క చెప్పలేదు: ఈ మాత్ర వల్ల నీ నెలసరి మారుతుంది అని.

మాలా-డి చీటీలో 28 మాత్రలుంటాయి. తెల్లవి 21, వాటిలోనే హార్మోన్లుంటాయి. ముదురు రంగువి 7, అవి ఉత్త ఇనుము మాత్రలు. మొదటి చీటీ సజావుగానే అయిపోయింది. ముదురు మాత్రల్లో మూడోది వేసుకున్న రోజు నెలసరి వచ్చింది. ఎప్పుడూ ఆరు రోజులుండేది నాలుగు రోజుల్లో ఆగిపోయింది. అదీ చాలా కొద్దిగా. గుస్ల్ చేసి, రంజాన్ మొదలైతే రోజాలు పట్టాను. ఆ ఏడాది రంజాన్ ఆగస్టు చివరి వారంలో మొదలైంది.

సెప్టెంబర్ 2 నాకు బాగా గుర్తు. పత్రికల్లో పనిచేసిన వాళ్లెవరికైనా గుర్తుంటుంది. ఉదయం వైఎస్ రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కనిపించకుండా పోయింది. మా డెస్కులో ఆ రోజు ఇఫ్తారు ఖజూరం కూడా నిలబడే తిన్నాను. రాత్రి పదిన్నరకి బాత్రూముకి వెళ్తే బట్ట మీద డాగు. కాఫీ రంగులో, రూపాయి బిళ్లంత. రెండో చీటీలో తొమ్మిదో మాత్ర రోజు. నెలసరి అయిపోయి పది రోజులు కూడా కాలేదు.

అప్పుడు నా తలలో తిరిగిన సవాళ్లు మూడు. ఏదైనా జబ్బా? మాత్ర పనిచేయక గర్భం వచ్చి పోతోందా? మూడోది, నాకు అన్నిటికంటే పెద్దది: ఈ రోజు రోజా నిలిచిందా, పోయిందా? రేపు సహరికి లేవాలా వద్దా? తరావీహ్ చదవాలా?

మర్నాడు ఉదయం డాక్టరమ్మకి ఫోన్ చేస్తే "స్పాటింగ్ అమ్మా, కామన్, కంటిన్యూ చెయ్" అంది. పది సెకన్లు. మొదటి రెండు సవాళ్లకీ అదే జవాబు. మూడోది ఆవిడని అడిగేది కాదు. మౌల్వీ సాబ్‌ని మా ఆయన చేత అడిగించాలి. ఆయన వెళ్లారు, జొహర్ తర్వాత పక్కకి పిలిచి ఏదో అడిగారు, "ఇంట్లో వాళ్లకి తబియత్ బాగోలేదు" అన్నారట. మౌల్వీ సాబ్ "అయితే రోజా వదిలేయొచ్చు, తర్వాత ఖజా చేసుకోమనండి" అన్నారట. అడగని సవాలుకి వచ్చిన జవాబది. ఇద్దరు మర్దులు ఒక ఆడదాని రక్తం గురించి, రక్తం అన్న మాట వాడకుండా మాట్లాడుకుంటే ఇంతకన్నా ఏమొస్తుంది?

చివరికి జవాబిచ్చింది మా నానీ పెట్టెలో ఉన్న బెహిష్తీ జేవర్. మౌలానా అష్రఫ్ అలీ థానవీ సాబ్ రాసిన ఆ పుస్తకం ఒకప్పుడు నిఖా అయిన ప్రతి అమ్మాయికీ జహేజ్‌లో ఇచ్చేవారు. అందులో చాలా సంగతులతో నాకు పేచీ ఉంది, అది ఇంకోసారి. కానీ ఆడవాళ్ల మసాయిల్ దగ్గర మాత్రం ఆ పుస్తకం ఏమీ దాచదు. రంగు, రోజులు, గంటలు అన్నీ లెక్క కట్టి చెబుతుంది. మన హనఫీ మజ్‌హబ్‌లో హైజ్ మూడు పగళ్లు మూడు రాత్రులకి తగ్గదు, పది రోజులకి మించదు. రెండు హైజ్‌ల మధ్య కనీసం 15 రోజులు తుహర్, అంటే పాక్‌గా ఉండే కాలం, ఉండి తీరాలి. ఆ 15 రోజులు నిండకముందే కనిపించేది హైజ్ కాదు, ఇస్తిహాజా. ఇస్తిహాజాలో నమాజు మాఫీ కాదు, రోజా పోదు. శుభ్రం చేసుకుని, వజూ చేసుకుని చదువుకోవడమే. మియా బీవీ దూరంగా ఉండాల్సిన పని కూడా లేదు.

నాకు పది రోజులు కూడా కాలేదు కదా. అంటే నా రోజా నిలిచింది. ఆ తర్వాత మా పేటలో ఆడపిల్లలకి చదువు చెప్పే ఆలిమా బాజీని అడిగి ఖాయం చేసుకున్నాను. షాఫియీ మజ్‌హబ్‌లో లెక్క వేరు, హైజ్ ఒక పగలూ రాత్రీ నుంచి 15 రోజుల దాకా. మీ లెక్క మీ ఆలిమాతో చూసుకోండి. నేను ఫత్వా ఇచ్చేదాన్ని కాదు. నాకు ఎలా తెలిసిందో చెబుతున్నానంతే.

డాగు రెండు రోజులుండి పోయింది. మూడో చీటీలో ఒకసారి కనిపించింది. నాలుగో చీటీ నుంచి మళ్లీ రాలేదు.

ఇదెందుకు జరుగుతుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. మామూలుగా నెలనెలా గర్భసంచి లోపల ఒక పొర మందంగా పెరుగుతుంది. గుడ్డు విడుదలై, గర్భం నిలవకపోతే హార్మోన్లు పడిపోతాయి, పొర ఊడి రక్తంతో బయటికొస్తుంది. అది హైజ్. మాత్రలోని రెండు హార్మోన్లు రోజూ ఒకే మోతాదులో వస్తుంటే అండాశయం గుడ్డు విడుదల చేయదు, పొర కూడా మందంగా పెరగదు. పల్చబడుతుంది. అలా పల్చబడే మొదటి రెండు మూడు నెలల్లో పొర ఇంకా కుదురుకోక, అందులోని సన్నటి రక్తనాళాలు అక్కడా ఇక్కడా చిట్లుతాయి. నేను చూసిన డాగు అదే. చాలామందికి మూడు చీటీలు అయ్యేసరికి సర్దుకుంటుంది. మాత్ర మర్చిపోయినా, రోజుకో వేళ వేసుకున్నా మళ్లీ కనిపిస్తుంది.

ముదురు మాత్రల వారంలో వచ్చేది కూడా పాత నెలసరి కాదు. తెల్ల మాత్ర ఆపడంతో హార్మోను పడిపోయి, ఉన్న కొద్దిపాటి పొర రాలుతుంది. అందుకే తక్కువ రోజులు, తక్కువ రక్తం, తక్కువ నొప్పి. కొందరికి ఒక నెల అసలు రాదు కూడా. అమెరికాలో ఈ మాత్రని తయారు చేసినవాళ్లలో జాన్ రాక్ అనే డాక్టరుండేవాడు, నిష్ఠగల కేథలిక్. నెలకోసారి రక్తం కనబడితే ఆడవాళ్లకి ధైర్యంగా ఉంటుందని, సహజంగా అనిపిస్తుందని అలా మధ్యలో ఆపే పద్ధతి పెట్టారు. పోప్ కూడా ఒప్పుకుంటారని ఆయన ఆశ. 1968లో పోప్ ఒప్పుకోలేదు. మన దీన్‌లో ఆ చర్చ అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే జరిగింది. ఖురాన్ అవతరిస్తున్న రోజుల్లోనే సహాబాలు అజ్ల్ చేసేవారని జాబిర్ రజియల్లాహు అన్హు చెప్పిన హదీసు బుఖారీలో, ముస్లింలో ఉంది. ఇమాం గజాలీ ఇహ్యాలో దాని మీద వివరంగా రాశారు. కాబట్టే తాత్కాలికంగా ఆపే పద్ధతులకి, మియా బీవీ ఇద్దరూ ఒప్పుకుంటే, చాలామంది ఉలమా అడ్డు చెప్పరు. శాశ్వతంగా ఆపే ఆపరేషన్‌కే, గట్టి మజ్బూరీ లేకపోతే, వద్దంటారు.

అంటే మనకి మాత్ర మధ్యే మార్గం కావాలి. కానీ మన దగ్గర మాత్ర వేసుకునేవాళ్లెవరు?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో 100కి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద అది 38. మాత్ర వాడేవాళ్లు మన రాష్ట్రంలో నూటికి ఒక్కరు కూడా లేరు. మర్దుల ఆపరేషన్ కూడా నూటికి ఒకటి లోపే, దాని గురించి ఎవరూ ఏడవరు. ఈ 70లో మన ముస్లిం ఆడవాళ్లు లేరనుకోకండి. మా వీధిలో 23, 24 ఏళ్లకే చేయించుకున్నవాళ్లు ఎంతమందో. మస్జిద్‌లో తెలియకూడదని పుట్టింటికి వెళ్లి చేయించుకొస్తారు.

సర్కారు వారి మాటలు కూడా అలాగే మారుతుంటాయి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 నుంచి నిబంధన. 2024 నవంబర్‌లో అసెంబ్లీ దాన్ని ఎత్తేసింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. ఈ రెండు హుకుంల మధ్య, మూడేళ్లు ఆగి ఇంకొకరిని కంటానంటే ఎలా అని అడిగే ఆడదానికి కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ.

ఇలా అంటే మా స్నేహితురాలొకామె, గవర్నమెంటు నర్సు, కోప్పడింది. "మేం ఇస్తాం. వాళ్లే రెండో నెలకి మానేస్తారు" అంది. నిజమే. ఎందుకు మానేస్తారంటే రక్తం వల్ల. ఒకరికి మధ్యలో డాగు కనబడి భయం. ఇంకొకరికి నెలసరి తగ్గిపోయి భయం. రెండోది మన గోదావరి జిల్లాల్లో ఇంకా ఎక్కువ. ముట్టు తగ్గితే చెడు రక్తం లోపలే నిలిచిపోతుందని, అది తలకెక్కుతుందని, గడ్డలవుతుందని నమ్మకం. హిందువులైనా ముస్లింలైనా ఈ ఒక్క విషయంలో అందరం ఒకటే.

మా ఆపాదీ ఇదే కథ. నిడదవోలులో ఉంటుంది. మా బావ కువైట్. రెండేళ్లకోసారి నెలన్నర చుట్టీ మీద వస్తారు. కోనసీమ, నరసాపురం, పాలకొల్లు వైపు ఇలాంటి ఇళ్లు ఎన్నో మీకు తెలుసు. బావ శంషాబాద్‌లో దిగిన రోజు మాత్ర మొదలుపెట్టేది, ఎక్కిన రోజు ఆపేసేది. చీటీ మధ్యలో ఆపితే రెండు మూడు రోజుల్లో రక్తం కనబడుతుంది, హార్మోను ఆగింది కాబట్టి. ఆపా దాన్ని గర్భం పోవడం అనుకుంది. రెండేళ్లు ఎవరికీ చెప్పకుండా తౌబా చేసుకుంటూ గడిపింది. తర్వాతి చుట్టీకి మాత్ర వేసుకుంటే నెలసరి కొద్దిగానే వచ్చింది. పక్కింటామె చెడు రక్తం సంగతి చెప్పింది. మాత్రలు గోదాట్లో పడేసింది. 39 ఏళ్లకి మూడో కాన్పు, షుగరు, బీపీ, సిజేరియన్. పిల్లాడు మాషా అల్లాహ్ ఇప్పుడు బడికి వెళ్తున్నాడు, వాడిని చూస్తే ఎవరికీ ఏ బాధా గుర్తురాదు. కానీ ఆ కాన్పు రాత్రి ఆసుపత్రి బయట మా అమ్మీ తస్బీహ్ తిప్పుతూ వణికిన చేతులు నేను మర్చిపోలేను.

చెడు రక్తం అనేది ఏదీ లేదు. పొర పల్చగా ఉంటే రాలేదీ తక్కువే. లోపల నిలిచిందేమీ ఉండదు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉంది, తక్కువ రక్తం పోవడం వాళ్లకి మేలే. ఇక చుట్టీ మీద వచ్చే మియా ఉన్నవాళ్లు, నెలసరి మొదలైన ఐదు రోజుల్లోపు మాత్ర మొదలుపెట్టేలా ముందు నెల నుంచే చూసుకోవాలి. వేరే రోజు మొదలుపెడితే మొదటి ఏడు రోజులు దాన్ని నమ్ముకోకూడదు. ఆయన వెళ్లాక కూడా ఆ చీటీ పూర్తి చేయాలి.

రంజాన్‌లో ఇంకో చిక్కు. పగలు మాత్ర మింగేవాళ్లు మధ్యాహ్నం మాత్రని ఎటు జరపాలో తెలియక వదిలేస్తారు. నేను మొదటి నుంచీ ఇషా తర్వాత వేసుకునే అలవాటు పెట్టుకున్నాను, ఏడాదంతా అదే వేళ. ఒక రాత్రి మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే, రోజాలో ఉంటే ఇఫ్తారు కాగానే వేసుకోవడం. వరసగా రెండు మర్చిపోతే మళ్లీ ఏడు రోజులు వేసుకునే దాకా కండోమ్ తప్పదు. క్షయకి రిఫాంపిసిన్ వాడేవాళ్లకి, మూర్ఛకి కొన్ని మందులు వాడేవాళ్లకి ఈ మాత్ర సరిగా పనిచేయదు, ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి.

రంజాన్ మాత్రలని, ఉమ్రా మాత్రలని మెడికల్ షాపులో అడిగేవి ఇవి కావు. అవి నెలసరిని కొన్ని రోజులు వెనక్కి జరిపే నోరెథిస్టెరోన్. రోజుకి మూడు పూటలా వేసుకుంటారు, ఆపిన రెండు మూడు రోజులకి హైజ్ వస్తుంది. గర్భం రాకుండా అవి కాపాడవు. 2015 పుష్కరాలప్పుడు మా వీధి మెడికల్ షాపతను నవ్వుతూ చెప్పాడు: "మీవాళ్లు హజ్‌కి అడుగుతారు మేడమ్, మావాళ్లు పుష్కరాలకి, వ్రతాలకి అడుగుతారు. మాత్ర ఒకటేనండి." అత్యవసర మాత్ర, టీవీలో చూపించే ఐ-పిల్ లాంటిది, అది మళ్లీ వేరు. ఒకేసారి పెద్ద మోతాదు. ఆ నెల నెలసరి ముందో వెనకో అయిపోతుంది. దాన్ని నెలకి మూడుసార్లు తెచ్చిచ్చే మియాలున్నారు. ఆ ఇంట్లో ఆడది ఏ రోజు హైజో ఏ రోజు కాదో లెక్క కట్టలేక నమాజే వదిలేసిందని ఆలిమా బాజీ ఒకసారి చెప్పారు.

మన దేశపు మాత్ర ఒకటుంది, దాని పేరు చాలామందికి తెలియదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైంది. డాక్టర్ నిత్యానంద్ గారి బృందం చేసింది, ఆయన 2024 జనవరిలో 99 ఏళ్ల వయసులో చనిపోయారు. సహేలీ అనే పేరుతో 90ల్లో బజారులోకి వచ్చింది. 2016 నుంచి సర్కారు కార్యక్రమంలో ఛాయా అనే పేరుతో ఆశా కార్యకర్తల దగ్గర ఉచితం. అందులో హార్మోను లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులు కూడా వాడొచ్చు. మాలా-డి లాంటివి కాన్పయిన ఆరు నెలల దాకా పాలిచ్చే తల్లులకి ఇవ్వరు. ఛాయాతో కూడా నెలసరి మారుతుంది, అయితే వేరే విధంగా. మధ్యలో డాగు కంటే ఆలస్యం ఎక్కువ. మొదటి నెలల్లో 40, 45 రోజులకి వచ్చినా భయపడక్కర్లేదు. 15 రోజులకి మించి ఆలస్యమైతే గర్భ పరీక్ష చేసుకోవాలి. మూడు నెలలకోసారి వేసే అంతరా సూది 2017 నుంచి ఉంది. అందులో రక్తం సంగతి చెప్పలేం, కొందరికి వారాల తరబడి డాగులు, కొందరికి ఏడాదికి పూర్తిగా ఆగిపోతుంది. నచ్చకపోతే మాత్ర ఆపినట్టు సూదిని వెనక్కి తీయలేం. నమాజు రోజా లెక్క పెట్టుకునే ఆడదానికి ఇది వేసే ముందే చెప్పాలి.

నేను పదేళ్ల పాటు పత్రికలో ఆరోగ్యం పేజీ దిద్దాను. ప్రతి వ్యాసం చివర "వైద్యులను సంప్రదించండి" అని పెట్టేవాళ్లం, ఎప్పుడు సంప్రదించాలో మాత్రం చెప్పేవాళ్లం కాదు. ఎప్పుడంటే: మూడు చీటీల తర్వాత కూడా డాగులు ఆగకపోతే. రక్తం మామూలు కంటే ఎక్కువగా పోతుంటే. వరసగా రెండు నెలలు రాకపోతే. కలయిక తర్వాత రక్తం కనబడితే, అది మాత్ర వల్ల అనుకుని ఊరుకోకూడదు, గర్భసంచి ముఖద్వారం చూపించుకోవాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పెడితే, ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, ఎన్నడూ లేని తలనొప్పి, చూపు మసకబారడం వస్తే మాత్ర ఆపి అదే రోజు పరుగెత్తాలి. నాకు 38 ఏళ్లకి బీపీ పెరిగింది. డాక్టరు మాత్ర ఆపేయమంది. ఆరు వారాలకి నా పాత నెలసరి, ఆరు రోజులదీ నడుము నొప్పిదీ, తిరిగొచ్చింది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి అసలు కారణం మా అమ్మాయి. 2009లో ఏడాది పిల్ల, ఇప్పుడు ఇంటర్ అయిపోయింది. తనకి రెండు మూడు నెలలకోసారి నెలసరి, మొహం నిండా మొటిమలు. స్కాన్ తీసి పీసీఓఎస్ అన్నారు. నడక, తిండి అన్నీ చెప్పి, ఆరు నెలలు మాత్ర వాడమన్నారు. అదే మాత్ర, చీటీ పేరు మాత్రం వేరు. నెలలు తరబడి నెలసరి రాకపోతే లోపలి పొర మందమైపోతుంది, మాత్ర దాన్ని అదుపులో పెడుతుంది అని ఈ డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. మొదటి చీటీలలో డాగులు కనబడొచ్చని కూడా చెప్పింది. కాలం మారిందని నాకు అక్కడ అనిపించింది.

ఇంటికొచ్చాక మారలేదని తెలిసింది. మా ఖాలా చీటీ చూసి గుండె పట్టుకుంది. "పెళ్లి కాని పిల్లకి ఆ మాత్రలా? రేపు రిష్తా వస్తే ఎవరైనా చూస్తే?" అంది.

"ఖాలా, ఈ మాత్రకి అమెరికాలో మొదట పర్మిషన్ దొరికింది నెలసరి బాగుచేయడానికే. అది 1957లో. పిల్లలు పుట్టకుండా వాడటానికి ఒప్పుకున్నది 1960లో" అన్నాను.

"ఆ సంగతి రిష్తా వాళ్లకి నువ్వు చెబుతావా?" అంది ఖాలా.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఖాలా భయం ఉత్తిది కాదు. ఒక చీటీ మీద ఒక ఆడపిల్ల పేరు పోతుంది మన దగ్గర. 35 ఏళ్లు రాకుండానే గర్భసంచి తీయించుకుంటే మాత్రం పేరు పోదు. మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి లేదు, దేశంలో అది 3. "పీడా పోయింది" అని పెళ్లిళ్లలో చెప్పుకుంటారు.

మా అమ్మాయికి ఉర్దూ చదవడం రాదు. ఇంగ్లీషు మీడియం. మాట్లాడుతుంది, లిపి రాదు. బెహిష్తీ జేవర్ తన చేతికిస్తే బొమ్మలా చూస్తుంది. తన తరం ఆడపిల్లలందరికీ వచ్చే ఏ రక్తమైనా "బ్లీడింగ్" ఒకటే. రెండో చీటీలో డాగు కనబడిన రోజు "అమ్మీ, మళ్లీ పీరియడ్ వచ్చింది, నమాజు లేదు నాకు" అంది. కూర్చోబెట్టి హైజ్, ఇస్తిహాజా రెండు మాటలూ చెప్పాను. ఫాతిమా బింత్ అబీ హుబైష్ అనే ఆవిడ తనకి రక్తం ఆగడం లేదని, నమాజు వదిలేయనా అని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లంనే నేరుగా అడిగారని, అది హైజ్ కాదు, నరం నుంచి వచ్చేదని జవాబిచ్చారని, ఆ హదీసు మనకి అందించింది హజ్రత్ ఆయిషా అని చెప్పాను.

అది కాసేపు ఆలోచించి, "డైరెక్టుగా అడిగేసిందా?" అంది.

"అడిగింది."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"జవాబిచ్చారు."

లేచి వజూ చేసుకోవడానికి వెళ్లింది. ఇప్పుడు నాలుగో చీటీ నడుస్తోంది. క్యాలెండర్ మీద తనే గుర్తులు పెట్టుకుంటోంది, హైజ్‌కి ఎర్ర పెన్ను, డాగుకి పెన్సిలు. చీటీ ఫ్రిజ్ మీద ఖజూరం డబ్బా పక్కన ఉంటుంది. పోయిన జుమా నాడు ఖాలా వచ్చింది. నేను తీయలేదు, ఆవిడా ఏమీ అనలేదు. చాయ్ తాగి, వెళ్లేటప్పుడు మాత్రం మా అమ్మాయిని పక్కకి పిలిచి, నెల తప్పుతున్న తన కోడలిని ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలో అడిగింది.